వాల్డెన్ పక్కన రైలు పట్టాలు

ఎం.ఏ. ఇంగ్లీషులో అమెరికన్ లిటరేచర్ పేపర్ కోసం ‘వాల్డెన్’ మీద (అమెరికన్ రచయిత థోరో, వాల్డెన్ అనే చెరువు పక్కన గుడిసె వేసుకుని బతికిన రోజుల గురించి రాసిన పుస్తకం) బట్టీపట్టిన జవాబు నాకు ఇప్పటికీ నోటికొస్తుంది. థోరో ప్రకృతి ప్రేమికుడు, ఊరొదిలి అడవికెళ్లాడు, భగవద్గీత చదివాడు. గీత దగ్గర అండర్‌లైన్ కొట్టేవాళ్లం, మార్కులు పడతాయని.

మొన్న అక్టోబర్లో బోస్టన్‌లో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు మేనల్లుణ్ని వెంటబెట్టుకుని నార్త్ స్టేషన్‌లో థోరో ఊరు కాంకర్డ్ వెళ్లే రైలెక్కాను. వాడికీ స్కూల్లో ఇదే పుస్తకం. “మామయ్యా, అడవిలో ఉన్నా ఆయన బట్టలు వాళ్లమ్మే ఉతికేదట” అని దారి పొడుగునా ఒకటే నవ్వు. వాడితో మాటల్లో పడి చూసుకోలేదుగానీ, రైలు ఆ వాల్డెన్ చెరువు పక్కనుంచే పోయింది. కాంకర్డ్‌లో దిగి మైలున్నర వెనక్కి నడిచాం.

గుడిసె ఇప్పుడు లేదు. అది ఉన్నచోట చుట్టూ రాతి కంబాలు పాతారు, పక్కన వచ్చినవాళ్లు వేసిపోయే రాళ్ల గుట్ట. పది అడుగులకి పదిహేను, అంతే. మావాడు అడుగులేసి కొలుస్తుంటే చెట్ల అవతల రైలు కూత వినిపించింది. అప్పుడు తట్టింది నాకు, కాంకర్డ్‌కి రైలొచ్చింది 1844లో, థోరో ఇక్కడ దిగింది 1845 జులై 4న. అంటే అప్పటికి రైలొచ్చి ఏడాది దాటిందంతే! ఇది రైలుకి దూరంగా పారిపోయినవాడి పుస్తకం కాదు, రైలు కొత్తగా వచ్చినప్పుడు దాని పక్కనే కూర్చుని, దీంతో మన బతుకులు ఏమవుతున్నాయని లెక్క వేసినవాడి పుస్తకం. గుడిసె చెక్కలు కూడా రైల్వే పనిచేసే కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెవే, 4 డాలర్ల 25 సెంట్లకి కొన్నాడు. పరుపు, కాఫీమర, అద్దం, కోళ్లు అన్నీ ఒకే మూటలో పెట్టుకుని ఆ కుటుంబం తెల్లారుతూనే వెళ్లిపోతూ దారిలో ఎదురైందని ఆయనే రాశాడు. ఆ పేజీ మా నోట్సులో లేదు.

ఇక గీత సంగతి. ఒడ్డున కూర్చుని ‘వాల్డెన్’లో గీత మాట వచ్చే చోటు ఫోన్లో వెతికి చదివాను. 1846-47 చలికాలంలో వందమంది ఐరిష్ కూలీలు వచ్చి ఈ చెరువులో ఐసు కోశారు. ఐసు ఓడలెక్కి మన దేశానికి వెళ్లే కాలం కదా, మద్రాసు, బొంబాయి, కలకత్తావాళ్లు నా బావి నీళ్లు తాగుతున్నారన్నమాట అంటాడు థోరో. గీత మాట సరిగ్గా దాని తర్వాతి వాక్యంలో ఉంది! ఇక్కణ్నుంచి ఐసు అటు, అక్కణ్నుంచి గీత ఇటు. మద్రాసులో ఆ ఐసు దాచడానికి 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది, అదే వివేకానంద ఇల్లం, బీచ్ రోడ్డు మీద దాని ముందునుంచి ఎన్నిసార్లు వెళ్లానో. మేం అండర్‌లైన్ కొట్టి గర్వపడ్డ వాక్యం ఆ వ్యాపారం లేకపోతే పుట్టేదే కాదేమో.

ఇంతకీ ఇక్కడ గుట్టగా పేర్చిన ఐసులో ఎక్కువ భాగం ఎక్కడికీ పోలేదు. 1848 సెప్టెంబర్ దాకా కరిగి మళ్లీ చెరువులోకే చేరిందట.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా. చెట్ల మధ్య నీళ్లు రెండు క్షణాలు మెరిశాయి. “అదే అదే” అనేలోపు దాటేసింది.