కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష: జీ కార్డు మీద పనిచేస్తూ నేను చదివిన తీరు

కస్టమ్స్ బ్రోకర్ (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్ల తరఫున కస్టమ్స్ దగ్గర కాగితాలు నడిపే లైసెన్సుదారు) పరీక్షకి ఏం చదవాలి, కోచింగ్ కావాలా, ఉద్యోగం చేస్తూ అవుతుందా అని జూనియర్లు తరచూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో ఒక సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) ఆఫీసులో జీ కార్డు మీద, అంటే బ్రోకర్ దగ్గర పనిచేస్తూ డిపార్ట్‌మెంట్ పరీక్ష పాసైనవాళ్లకి ఇచ్చే కార్డు మీద, పనిచేస్తూ రాశాను (కాగితాల మీద పేరు కస్టమ్స్ బ్రోకర్ అని మారి ఏళ్లయినా మనం ఇంకా సీహెచ్‌ఏ అనే అంటాం కదా), కాబట్టి ఇది పగలు ఫైళ్లతో తిరిగి రాత్రి పుస్తకం పట్టేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

అర్హత గురించి రెండు ముక్కలు. అంతా 2018 నాటి కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సింగ్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. డిగ్రీ ఉండాలి, దానితోపాటు సీఏ, ఎంబీఏ, ఎల్‌ఎల్‌బీ లాంటి ప్రొఫెషనల్ డిగ్రీ అయినా ఉండాలి లేదా జీ కార్డు హోల్డర్‌గా కనీసం రెండేళ్ల అనుభవం అయినా ఉండాలి. 5 లక్షలకు తగ్గకుండా ఆస్తి ఉందని బ్యాంకు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. దరఖాస్తు ఫారం ఏ. ఇందులో బుర్ర పెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు, కాకపోతే ఆధార్‌లో ఒక పేరు, డిగ్రీలో ఇంకో పేరు ఉన్నవాళ్లు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే సరిచేయించుకోండి.

పరీక్ష పెట్టేది నాసిన్, అంటే కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకి శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ. దాని కొత్త క్యాంపస్ మన శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే ఉంది, 2024 జనవరిలో ప్రారంభించారు. క్యాంపస్ మన గడ్డ మీదకి వచ్చింది గానీ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. తెలుగు మీడియంలో చదివినవాళ్లు దీనికి భయపడాల్సిన పనిలేదు, రోజూ చెక్‌లిస్టులు, క్వెరీ రిప్లైలు రాసే ఇంగ్లిష్ చాలు. కానీ కస్టమ్స్ యాక్ట్‌లో ఒక్క వాక్యమే పది లైన్లు సాగుతుంది. నేను అలాంటి సెక్షన్లని ఎవరు, ఎప్పటిలోగా, ఏ కాగితం, ఎవరికి, చేయకపోతే ఏమవుతుంది అని విరగ్గొట్టి తెలుగులోనే నోట్సు రాసుకున్నాను. చివరి వారంలో ఆ నోట్సు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు.

ఇప్పుడు మార్కుల లెక్క. దీన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకి ఒక్క నిమిషం. రైట్ అయితే 3, తప్పయితే మైనస్ 1. మొత్తం 450కి 270 రావాలి. ఇద్దరికీ సరిగ్గా 100 ప్రశ్నలే రైట్ అయ్యాయనుకోండి. ఒకడు మిగతా 50 కూడా గుడ్డిగా కొట్టి అన్నీ తప్పు చేస్తే 300లోంచి 50 పోయి 250, ఫెయిల్. ఇంకొకడు 30 తప్పు చేసి 20 వదిలేస్తే 270, పాస్. తెలివి ఇద్దరిదీ ఒకటే! అలాగని తెలియనివన్నీ వదిలేయమని కాదు. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా కొడితే సగటున వచ్చేదీ లేదు పోయేదీ లేదు, అదే ఒక్క ఆప్షన్ అయినా ఇది కచ్చితంగా కాదు అని తీసేయగలిగితే అప్పుడు కొట్టడమే లాభం. నేను మాక్ పేపర్లు రాసేటప్పుడు తెలిసి పెట్టినవి, తీసేసి పెట్టినవి, గుడ్డిగా పెట్టినవి అని పక్కన మూడు రకాల గుర్తులు వేసుకుని, దిద్దేటప్పుడు ఒక్కో రకానికి ఎన్ని మార్కులు వచ్చాయో విడిగా చూసుకునేవాణ్ని. ఎక్కడ ఆగాలో దాంతోనే తెలిసింది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నది వేరే ఉంది. మన పని మనకి బాగా వచ్చు, పరీక్షకి అదే చాలదు. శంషాబాద్ ఎయిర్ కార్గోలో చేసేవాడికి ఐజీఎం (వచ్చిన సరుకు జాబితా), ఔట్ ఆఫ్ చార్జ్ (సరుకు విడుదల ఆర్డరు) కొట్టినపిండి, బాండ్ సరుకు (డ్యూటీ కట్టకుండా వేర్‌హౌస్‌లో ఉంచినది) ఎప్పుడూ చూసి ఉండడు. సనత్‌నగర్ ఐసీడీలో (పోర్టుకి దూరంగా ఉండే కంటైనర్ డిపోలో) చేసేవాడికి కంటైనర్ల సంగతి తెలుసు, అప్పీళ్ల సంగతి తెలియదు. విశాఖలో రొయ్యల ఎగుమతి చేసేవాడు షిప్పింగ్ బిల్ (ఎగుమతి పత్రం) కళ్లు మూసుకుని ఫైల్ చేస్తాడు, అదే వేల్యుయేషన్ (సరుకు విలువ కట్టే) రూల్ 7కీ రూల్ 8కీ తేడా అడిగితే నీళ్లు నములుతాడు. పరీక్షలో మాత్రం ఇవన్నీ కలిపి అడుగుతారు. అందుకే నేను ఆఫీసులో అయిపోయిన జాబ్ ఫైల్ ఒకటి తీసి, అందులో ప్రతి కాగితానికీ వెనక ఏ సెక్షన్ ఉందో రాయడం అలవాటు చేసుకున్నాను. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం, పొట్టిగా బీఈ) 46, దాని అసెస్‌మెంట్ 17, ప్రొవిజనల్ అయితే 18, క్లియరెన్స్ 47, తర్వాత సవరణ అడిగితే 149, డ్యూటీ ఎక్కువ కట్టి రీఫండ్ పెడితే 27, తక్కువ కట్టారని డిపార్ట్‌మెంట్ నోటీసు ఇస్తే 28. ఇలా చదివిన సెక్షన్ నంబర్ బట్టీ పట్టినదానిలా మర్చిపోం, ఎందుకంటే దాని వెనక ఒక పార్టీ (క్లయింటు), ఒక గొడవ గుర్తుంటాయి.

ఒక ఉదాహరణ చెప్తాను, కావాలంటే పెన్ను తీసుకోండి. సరుకు వచ్చినప్పుడు వేర్‌హౌస్‌లో పెట్టడానికి ఇన్‌టు బాండ్ బీఈ వేశారు. ఆ రోజు డాలర్ రేటు 83, డ్యూటీ 10 శాతం. కొన్ని నెలల తర్వాత ఆ సరుకు బయటికి తీయడానికి ఎక్స్ బాండ్ బీఈ వేశారు, అప్పటికి డాలర్ 86, డ్యూటీ 7.5 శాతానికి తగ్గింది. ఏది ఏ రోజుది తీసుకోవాలి? డ్యూటీ రేటు సెక్షన్ 15 ప్రకారం ఎక్స్ బాండ్ వేసిన రోజుది, అంటే 7.5. మారకం రేటు మాత్రం సెక్షన్ 14 ప్రకారం సెక్షన్ 46 కింద మొదట బీఈ వేసిన రోజుది, అంటే 83. ఆప్షన్లలో రెండూ పాతవి, రెండూ కొత్తవి, ఒకటి పాతది ఒకటి కొత్తది అని అన్ని రకాలుగానూ ఇస్తారు. ఓడ రాకముందే బీఈ వేస్తే కూడా ఇదే కథ, మారకం రేటు బీఈ వేసిన రోజుది, డ్యూటీ రేటు ఎంట్రీ ఇన్‌వర్డ్స్ (ఓడ సరుకు దింపడానికి కస్టమ్స్ అనుమతి) ఇచ్చిన రోజుది. ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, విడివిడిగా చదివితే రెండూ అర్థమైనట్టే ఉంటాయి గానీ ప్రశ్న దగ్గర తికమక అవుతుంది.

లెక్కలు తప్పకుండా వస్తాయి, కష్టమైనవి కావు. ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకా అయిన సరుకు విలువ) 1000 డాలర్లు, ఫ్రైట్, ఇన్సూరెన్స్ తెలియవు అంటే ఫ్రైట్ 20 శాతం కింద 200, ఇన్సూరెన్స్ 1.125 శాతం కింద 11.25, మొత్తం 1211.25 డాలర్లు. పాత పుస్తకాల్లో దీని మీద ఇంకో 1 శాతం ల్యాండింగ్ చార్జీలు కలిపి ఉంటుంది, అది 2017లోనే తీసేశారు. తర్వాత డ్యూటీ. లక్ష రూపాయల విలువకి బేసిక్ 10 శాతం అయితే 10,000, దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ 10 శాతం 1,000, ఐజీఎస్టీ 18 శాతం వేసేది లక్ష మీద కాదు 1,11,000 మీద, కాబట్టి 19,980. అంతా కలిపి 30,980. ఇలాంటివి చేత్తో ఒక యాభై చేస్తే చాలు. పాత మెటీరియల్ గురించి ఇంకోమాట, బిల్ ఆఫ్ ఎంట్రీ ఎప్పటిలోగా వేయాలి అన్నది 2021 ఫైనాన్స్ యాక్ట్‌తో మారింది. మామూలుగా ఇప్పుడు సరుకు వచ్చే రోజుకి ముందురోజు ముగిసేలోపు వేయాలి. సీనియర్ ఇచ్చిన జిరాక్స్ నోట్సులో వేరేలా ఉంటే దాన్ని పట్టుకుని వాదించకండి, బేర్ యాక్ట్ తాజా ఎడిషన్ కొనుక్కోండి. ఆ డబ్బు దండగ కాదు.

క్లాసిఫికేషన్‌కి (సరుకు ఏ కోడ్ కిందకి వస్తుందో తేల్చడానికి) టారిఫ్, అంటే కోడ్లు, డ్యూటీ రేట్ల పట్టిక, మొత్తం చదవడం ఎవరి వల్లా కాదు, చదవక్కర్లేదు కూడా. ఇంటర్‌ప్రెటేషన్ రూల్స్ ఆరూ, సెక్షన్ నోట్సు, మనకి తెలిసిన చాప్టర్ల నోట్సు చూస్తే సగం దారి వచ్చినట్టే. గుంటూరు ఎండుమిర్చి 0904, అదే పచ్చిమిర్చి అయితే చాప్టర్ 7, నాటడానికి విత్తనం అయితే చాప్టర్ 12. ఫ్రోజెన్ రొయ్య 0306, దానికే పిండి పట్టించి వండి పంపితే 1605. మొక్క ఒకటే, రొయ్య ఒకటే, సరుకు ఏ స్థితిలో ఉందన్నదే లెక్క. బల్క్ డ్రగ్ (మందు ముడిసరుకు) చాప్టర్ 29, మందుబిళ్ల చాప్టర్ 30 అని మన హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

అలైడ్ యాక్ట్‌లు (సిలబస్‌లో ఉన్న ఇతర చట్టాలు) చూసి కళ్లు తిరుగుతాయి. ఆయుధాల చట్టం నుంచి ట్రేడ్ మార్క్స్, ఎన్‌డీపీఎస్, (మత్తుమందుల చట్టం), ఫెమా (విదేశీ మారకం చట్టం), ఫుడ్ సేఫ్టీ, అవినీతి నిరోధక చట్టం దాకా ఉన్నాయి. వాటిని దిగుమతి ఎగుమతులకి సంబంధించినంత వరకే చదవండి. ఫారిన్ ట్రేడ్ పాలసీ 2023లో ఈపీసీజీ (డ్యూటీ లేకుండా యంత్రాలు తెచ్చుకునే స్కీము) అంటే ఆదా అయిన డ్యూటీకి 6 రెట్లు 6 ఏళ్లలో ఎగుమతి, అడ్వాన్స్ ఆథరైజేషన్‌కి (డ్యూటీ లేకుండా ముడిసరుకు తెచ్చుకునే స్కీము) కనీసం 15 శాతం వేల్యూ అడిషన్ లాంటి అంకెలు ఒక పేజీలో రాసి గోడకి అంటించుకోండి. లైసెన్సింగ్ రెగ్యులేషన్స్ మాత్రం అక్షరం వదలకుండా చదవాలి, చిన్న పుస్తకం, గ్యారంటీ మార్కులు.

రిటన్ పాసైతే ఓరల్ ఉంటుంది. కట్టిన డ్యూటీ వెనక్కిచ్చే సెక్షన్ 74కీ 75కీ తేడా ఏంటని నన్ను అడిగారు. దిగుమతైన సరుకుని అలాగే తిప్పి పంపితే 74, గరిష్ఠంగా 98 శాతం వెనక్కి వస్తుంది, ముడిసరుకుతో ఇక్కడ తయారుచేసి పంపితే 75 అని చెప్పాను. అంతటితో వదల్లేదు, 'మీ పార్టీ విలువ తగ్గించి చూపించమన్నాడు, మీరు కాదంటే ఇంకో బ్రోకర్ దగ్గరికి పోతానన్నాడు, ఏం చేస్తారు?' అన్నారు. రెగ్యులేషన్ 10 ప్రకారం ముందు పార్టీకి చట్టం ఇదీ అని చెప్పాలి, వినకపోతే అసిస్టెంట్ లేదా డిప్యూటీ కమిషనర్ దృష్టికి తీసుకెళ్లాలి. ఆ జవాబు రెగ్యులేషన్‌లోనే ఉంది, మంచి మాటలు అల్లాల్సిన పనిలేదు. టెన్షన్ పడకుండా నిదానంగా చెప్తే వాళ్లే దారి అందిస్తారు.

పాసయ్యాక లైసెన్సు చేతికి రావడానికి 5,000 ఫీజు, ఫారం డీ బాండ్, 5 లక్షల సెక్యూరిటీ కావాలి. సెక్యూరిటీ బ్యాంకు గ్యారంటీగా గానీ ఎఫ్‌డీగా గానీ ఇవ్వొచ్చు. ఎఫ్‌డీ రసీదు మీద కమిషనర్ హోదా పేరు ఎలా ఉండాలో కమిషనరేట్‌లో ముందే రాయించుకుని బ్యాంకుకి వెళ్లండి. మా బ్యాంకులో కౌంటర్ ఆయన ఆ రసీదు నా పేరు మీద కొట్టి ఇచ్చి, ఇది మార్చడానికి పై నుంచి పర్మిషన్ రావాలని తిప్పించాడు. లైసెన్సు 2021 సవరణ తర్వాత జీవితకాలం చెల్లుతుంది, అయితే ఏడాదికి మించి పనేమీ చేయకుండా పెట్టుకుంటే రద్దు చేయొచ్చు, కాబట్టి తీసి బీరువాలో దాచుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

లైసెన్సు వచ్చిన వెంటనే పార్టీల కోసం ఎగబడకండి. రెగ్యులేషన్ 10(ఎన్) అనేది పరీక్షలో మార్కులు తెచ్చే ప్రశ్న, బయట అదే మెడ మీద కత్తి. ఐఈసీ (దిగుమతి ఎగుమతుల కోడ్), జీఎస్టీ నంబర్లు సరైనవేనా, పార్టీ చెప్పిన అడ్రసులో నిజంగా వ్యాపారం ఉందా అన్నది మనమే చూసుకోవాలి, తేడా వస్తే పార్టీ ఫోన్ స్విచాఫ్, నోటీసు మనకి. నేను కొత్త పార్టీ అంటే ముందు వాళ్ల గోడౌన్‌కి వెళ్లి బోర్డు, కరెంటు బిల్లు చూసి ఫొటో తీసి ఫైల్‌లో పెట్టాకే ఆథరైజేషన్ లెటర్ తీసుకుంటున్నాను. ఒకరిద్దరు అలిగి వెళ్లిపోయారు, పోనీ.

ఇప్పుడు ఫారం సీ (ఇంకో కస్టమ్స్ స్టేషన్‌లో కూడా పనిచేస్తానని తెలిపే ఫారం) ఇచ్చి విశాఖలో కూడా పని మొదలుపెట్టాను, అందుకే జవాబులు ఆలస్యం కావొచ్చు. డౌట్లు అడగండి, క్లాసిఫికేషన్ డౌట్ అయితే ఇన్వాయిస్‌లో సరుకు గురించి ఉన్నది ఉన్నట్టు రాసి అడగండి. 'మెషిన్ పార్ట్స్ ఏ కోడ్ అన్నా' అని మాత్రం అడగొద్దు.