మడపాం టోల్‌గేటు దగ్గర దొరికిన జబ్బు

శ్రీముఖలింగం చూడాలని మావయ్య ఎప్పటినుంచో అంటున్నాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. వెళ్లేది ఎలాగూ ఆ దారే కాబట్టి అరసవల్లి, శ్రీకూర్మం కూడా చూసుకుందాం అన్నాడు. నా భయమంతా కారు గురించే. 2004 మోడల్ పెట్రోల్ బండి. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పితే చాలు, స్టార్టవుతుంది. బాగా వేడెక్కాక మాత్రం ఎప్పుడో ఒకప్పుడు టక్కున ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తుంది. మెకానిక్ దగ్గరికి చేర్చేసరికి చల్లబడి, శుభ్రంగా ఉంటుంది. ఆయన ఒకసారి ప్లగ్గులు, ఇంకోసారి బ్యాటరీ, ఆ తర్వాత పెట్రోల్ పంపు మార్చాడు. జబ్బు అలాగే ఉంది.

"ఆగిపోయినప్పుడే దాన్ని అడగాలి అల్లుడూ. నడుస్తున్నప్పుడు ఏటి చెప్తది?" అని మావయ్య తన మల్టీమీటరు, ఒక పాత స్పార్క్ ప్లగ్గు, తడిపి వాడుకోవడానికి ఒక తువ్వాలు డిక్కీలో పెట్టాడు.

తెల్లవారకముందే బయల్దేరి నాతవలస దగ్గర హైవే ఎక్కాం. మే నెల. ఎండ రాకముందు కారు మీద చిన్న అనుమానం కూడా కలగలేదు. రణస్థలంలో ఇడ్లీ తిని పావుగంటలో తిరిగొచ్చి తాళం తిప్పితే మాత్రం స్టార్టర్ మామూలు కంటే చాలాసేపు తిరిగాక గానీ ఇంజిన్ అందుకోలేదు. మావయ్య టైము చూసి చిన్న కాగితం మీద రాసుకున్నాడు. ఇంజిన్ ఆపాక కొద్దిసేపు బానెట్ లోపల వేడి తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది. ఫ్యాను తిరగదు, నీళ్లు తిరగవు, ఎదురుగాలి ఉండదు. అందుకే పావుగంట ఆగిన కారు, గంటసేపు ఆగిన కారు కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎక్కడ ఆపినా ఈ తేడా గమనించమని ఆయన నాకు చెప్పాడు.

అరసవల్లిలో రద్దీ తక్కువ. మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో అయితే ఇక్కడ నిలబడే చోటు ఉండదు. శ్రీకూర్మంలో ఎక్కువసేపు ఉన్నాం. పడమర ముఖంగా ఉండే కూర్మనాథుడు, రెండు ధ్వజస్తంభాలు, మండపం గోడల మీద రంగులు వెలిసిన చిత్రాలు, ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లు. ఆ గోడల బొమ్మలను ఇంకా శ్రద్ధగా కాపాడాలి, నాకు అది గట్టిగా అనిపించింది. దర్శనం అయ్యాక కారు మొదటి తిప్పుకే స్టార్టయింది. గంట దాటింది కదా, చల్లబడింది.

నరసన్నపేట వెళ్లే దారిలో మడపాం టోల్‌గేటు దగ్గర లారీల వరుస. ఏసీ వేసుకుని అంగుళం అంగుళం కదులుతుంటే ఇంజిన్ ఆగిపోయింది. డాష్‌బోర్డు లైట్లన్నీ వెలిగాయి, స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకు తొక్కడానికి సాయం చేసే బూస్టర్‌కి వాక్యూమ్ అందదు. రెండు మూడు తొక్కుల తర్వాత పెడల్ గట్టిపడుతుంది. ఇది హైవేలో ఎనభై మీద పోతున్నప్పుడు జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. "మళ్లీ స్టార్టవుతోంది కదా" అని ఇలాంటి జబ్బును నెలల తరబడి వదిలేయకూడదు.

ఇద్దరు లారీ క్లీనర్లు తోసి పక్కకు పెట్టించారు. మావయ్య మొదటి ప్రశ్న: "ఆగేముందు జర్కులిచ్చిందా, మిస్సింగ్ వచ్చిందా?" లేదు, ఒక్కసారిగా ఆగింది. పెట్రోల్ అందకపోతే బండి కాసేపు గుంజి గుంజి ఆగుతుంది. ఒక్కసారిగా ఆగిందంటే ఎలక్ట్రికల్ మీదే ముందు చూపు పెట్టాలి. తాళం ఆన్ చేయమన్నాడు. ఇంజిన్ బొమ్మ లైటు వెలిగింది, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి కరెంటు అందుతోంది, ఆ కరెంటును కలిపే మెయిన్ రిలే బాగానే ఉంది. వెనక సీటు దగ్గర చెవి పెట్టాడు. పంపు రెండు సెకన్లు గుయ్‌మని ఆగింది. అదీ సరే. స్టార్టర్ జోరుగా తిరుగుతోంది, బ్యాటరీ మీద అనుమానం అక్కర్లేదు. కానీ అంత తిరిగినా ఇంజిన్ వేగం చూపించే ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. పొద్దున్న ఇంట్లో స్టార్ట్ చేసినప్పుడు ఆ ముల్లు కొంచెం లేవడం నేను చూశాను. ప్లగ్గు వైరు ఒకటి తీసి, పాత ప్లగ్గు తగిలించి, ఇంజిన్ ఇనుముకు ఆనించి తిప్పిస్తే స్పార్క్ లేదు.

ముల్లు లేవలేదు, స్పార్క్ లేదు. ఇంజిన్ తిరుగుతోందన్న సంగతే కంప్యూటర్‌కి చేరడం లేదు. ఆ కబురు పంపేది క్రాంక్ సెన్సర్. లోపల సన్నని తీగ చుట్టిన కాయిల్, ఎదురుగా తిరిగే పళ్ల చక్రం. పళ్లు దాటుతున్నప్పుడల్లా కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని బట్టే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో, పెట్రోల్ ఎప్పుడు చల్లాలో లెక్క. కార్బురేటర్ బళ్లకు ఈ లెక్క పనికిరాదు. వాటికి వేడిలో పెట్రోల్ ఆవిరై పైపులో అడ్డుపడటం, ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుపోవడం ముందు చూడాలి. ఆగినప్పుడు మూత తీస్తే గాలి లోపలికి పీల్చుకునే చప్పుడు వస్తే రోగం అక్కడే.

గేర్‌బాక్స్ కలిసే చోట ఉన్న సెన్సర్ కనెక్టర్ ఊడదీసి మీటరు పెట్టాడు. ఏమీ చూపించలేదు, లోపల తీగ తెగినట్టే. తువ్వాలు తడిపి సెన్సర్ మీదే వేసి, దాని మీద కొద్దికొద్దిగా నీళ్లు పోశాడు. కాసేపటికి మీటరు 800 ఓముల పైన చూపించింది. కనెక్టర్ పెట్టి తాళం తిప్పితే ముల్లు లేచింది, ఇంజిన్ అందుకుంది. అక్కడ నిలబడి చూస్తున్న ముంజలమ్మే ఆవిడ "అయిపోనాదా బాబూ?" అంది. అప్పటిదాకా ఉన్న టెన్షన్ ఒక్కసారి దిగిపోయింది.

నరసన్నపేటలో సెన్సర్ దొరకలేదు. శ్రీకాకుళం షాపుకి ఫోన్ చేస్తే బస్సులో పంపించారు. రోడ్డు పక్క గ్యారేజీలో ఒక్క బోల్టు విప్పి బిగించే పని. పాత సెన్సర్ కొనకు పట్టిన ఇనుప పొడి చూపించి, సెన్సర్ కూర్చునే గాడి తుడవకుండా కొత్తది పెట్టొద్దని మావయ్య ఆ కుర్రాడికి చెప్పాడు. వేడి పైపుకి ఆనుతున్న వైరు కట్టను కూడా దూరంగా జరిపి కట్టించాడు.

సాయంత్రం అయ్యేసరికి శ్రీముఖలింగం చేరాం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వరుడి గుడి ద్వారాల మీద ఉన్న లతల చెక్కడాన్ని మావయ్య వేలితో తాకకుండా, దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. తర్వాత సోమేశ్వరుడి గుడి చుట్టూ తిరిగాం. వంశధార ఒడ్డున చీకటి పడేదాకా ఉండాలనిపించింది గానీ రాత్రి డ్రైవింగ్ ఎక్కువ చేయకూడదని లేచాం. తిరుగుదారిలో అదే టోల్ వరుసలో ఏసీ ఆపకుండా నిలబెట్టాను. ఇంజిన్ ఆగలేదు, ముల్లు నిలకడగా ఉంది.

ఇంటికొచ్చాక మావయ్య ఆ పాత సెన్సర్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి మరుగుతున్న నీళ్లలో దించి మీటరు పట్టుకున్నాడు. కాసేపు అంకె నిలకడగా ఉండి, తర్వాత మాయమైంది. తీసి గాలికి పెడితే మళ్లీ వచ్చింది. మెకానిక్‌కి చూపించమని ఆ సెన్సర్ నా చేతిలో పెట్టాడు.