వయసుల పట్టికను దాటి: మానవ వికాసం చదివిన నా అనుభవం

పుట్టుక నుంచి చివరి శ్వాస దాకా మనిషిలో వచ్చే మార్పులన్నీ ఒకే సబ్జెక్టుగా చదవాల్సి వస్తే, ఎవరైనా ముందుగా ఒక పట్టిక గీస్తారు. ఎడమ పక్క వయసు, మధ్యలో పిల్లల ఆలోచన ఎదిగే తీరుకు మనస్తత్వవేత్త పియాజే చెప్పిన నాలుగు దశలు, చివర జీవితమంతా సాగే వ్యక్తిత్వ వికాసానికి మరో మనస్తత్వవేత్త ఎరిక్సన్ చెప్పిన ఎనిమిది దశలు. నేనూ గీశాను. పరీక్షల వరకు ఢోకా లేదు. కానీ ఎదురుగా ఒక మనిషి కూర్చున్నప్పుడు ఆ పట్టిక దేన్నీ వివరించదు. వయసు క్యాలెండర్‌లో ఒక అంకె. మార్పు ఎప్పుడు కనబడిందో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఈ తేడా బుర్రకెక్కడానికే సగం కోర్సు పట్టింది.

పట్టికలో మొదటి బీట నడకతో పడింది. "ఏడాదికి నడక" అని రాసుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దేశాల పిల్లలను గమనించి 2006లో ఇచ్చిన లెక్క చూస్తే, ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అంటే తొమ్మిది నెలలకు పైగా వెడల్పున్న కిటికీ. వాళ్ళలో 4.3 శాతం మంది చేతులూ మోకాళ్ళ మీద పాకడమనేదే లేకుండా ముందుకు వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ప్రతి మైలురాయి దగ్గరా ఒక్క అంకె రాయడం మానేసి రెండు చివరలూ రాయడం మొదలుపెట్టాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే, ఎన్ని వారాలు ముందు పుట్టిందో ఆ వారాలు తీసేసి చూడాలి. 8 వారాల ముందు పుట్టి ఇప్పుడు 12 నెలలున్న బిడ్డను సుమారు 10 నెలల బిడ్డగా లెక్కించాలి. సాధారణంగా రెండేళ్ళు నిండేదాకా ఈ సవరణ చేస్తారు. ఇది మరిచిపోతే బాగానే ఉన్న బిడ్డ వెనకబడినట్టు కనిపిస్తుంది.

ఇక పియాజే. చదవడానికి సులువు, చేసి చూడటానికి కష్టం. పదిలపరచుకొనే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న గ్రహింపు, దాని ప్రయోగాన్నే తీసుకోండి. ఒకేలాంటి గ్లాసులు రెండు, సన్నని పొడవాటి గ్లాసు ఒకటి, రంగు కలిపిన నీళ్ళు. రెండు గ్లాసుల్లో 150 మిల్లీలీటర్ల చొప్పున పోసి, "రెండూ సమానమే" అని బిడ్డ నోట అనిపించాలి. కాదంటే చుక్కో రెండు చుక్కలో పోసి సరిచేయాలి. ఈ మెట్టు దాటేస్తే తర్వాత వచ్చే జవాబుకు విలువుండదు. ఆ తర్వాత ఒక గ్లాసులోని నీళ్ళను బిడ్డ చూస్తుండగానే పొడవాటి గ్లాసులోకి ఒంపాలి. "ఏది ఎక్కువ?" అని అడగకూడదు. అలా అడిగితే ఏదో ఒకటి ఎక్కువని మనమే చెప్పినట్టు. "ఇందులో ఎక్కువా, అందులో ఎక్కువా, రెండూ సమానమా?" అని మూడు దారులూ తెరిచి పెట్టాలి. ఈ మూడింటి వరుసను కూడా ఒక్కో బిడ్డకు మార్చాలి, ఎందుకంటే చిన్నపిల్లలు చివర విన్న మాటనే తిప్పి చెబుతుంటారు.

ఇంత జాగ్రత్తపడ్డా ఒక చిక్కు మిగులుతుంది. పెద్దవాళ్ళు అడిగిందే మళ్ళీ అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని బిడ్డ అనుకుంటుంది. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే మనస్తత్వవేత్తలు వస్తువుల వరుసలతో ఇలాంటి ప్రయోగమే చేశారు. వరుసను పెద్దవాళ్ళు కదిలించకుండా, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఏర్పాటు చేశారు. సరిగ్గా చెప్పిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది. అంటే పాత పద్ధతిలో వచ్చిన తప్పు జవాబుల్లో కొన్ని ఆలోచనకు కాదు, మన ప్రశ్నకు చెందినవి. అందుకే "అవును", "కాదు" నమోదు చేసి ఊరుకోకుండా, "ఎందుకు?" అని అడిగి, బిడ్డ మాటను ఉన్నదున్నట్టు రాసుకోవాలి. "నువ్వేం కలపలేదుగా", "మళ్ళీ పోస్తే అంతే ఉంటాయి", "ఇది పొడుగు, కానీ సన్నం": మూడూ సరైన కారణాలే, అయినా మూడింటి వెనక ఆలోచన వేరు. నీళ్ళ విషయంలో ఇలా చెప్పిన బిడ్డే బరువు దగ్గరికి వస్తే తడబడవచ్చు. దశ అనేది ఒక్క రాత్రిలో ఇల్లంతా మారడం లాంటిది కాదు, ఒక్కో గదే మారుతుంది.

ఎరిక్సన్ మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. ఎనిమిది దశల్లో ఐదు కౌమారం ముగిసేలోపే అయిపోతాయి. ఆ తర్వాతి యాభై అరవై ఏళ్ళను మూడింటిలో సర్దాలి.

నన్ను ఎక్కువగా కష్టపెట్టినవి పరిశోధనా పద్ధతులు. 2020లో 30, 50, 70 ఏళ్ళవాళ్ళకు ఒకే తెలివి పరీక్ష పెట్టామనుకోండి. 70 ఏళ్ళవాళ్ళకు తక్కువ మార్కులు వచ్చాయి. వయసు వల్లా? వాళ్ళు పుట్టింది 1950లో. చదివిన ఏళ్ళు వేరు, తిన్న తిండి వేరు, ఎదుర్కొన్న జబ్బులు వేరు. ఇది తిర్యక్ పద్ధతిలోని లోపం. పోనీ ఒకే జట్టును నలభై ఏళ్ళు వెంబడిస్తే? అది అనుదైర్ఘ్య పద్ధతి. జబ్బుపడినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు జారిపోగా గట్టివాళ్ళే మిగులుతారు, పైగా అదే పరీక్ష పదేపదే రాసి చెయ్యి తిరుగుతుంది. రెండు కారణాలూ ముసలితనాన్ని ఉన్నదానికన్నా నయంగా చూపిస్తాయి. 1956లో మనస్తత్వవేత్త షాయ్ అమెరికాలోని సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం రెండింటినీ కలిపింది: ఏడేళ్ళకోసారి పాతవాళ్ళను మళ్ళీ పరీక్షించడం, వాళ్ళతోపాటు కొత్తవాళ్ళను చేర్చుకోవడం. తిర్యక్ లెక్కలో చాలా ముందుగానే దిగిపోయినట్టు కనబడిన సామర్థ్యాల్లో ఎక్కువభాగం, అదే మనుషులను వెంబడించి చూస్తే అరవై దరిదాపుల దాకా నిలిచే ఉన్నాయి. వేగం మాత్రం ముందే తగ్గుతుంది. ఇక్కడ ఒక లెక్కల ముడి కూడా ఉంది. వయసంటే కొలిచిన సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేయడమే. రెండు తెలిస్తే మూడోది తెలిసిపోతుంది కాబట్టి మూడింటి ప్రభావాన్నీ పూర్తిగా విడదీయడం కుదరదు. ఏ గ్రాఫు చూసినా అంచున మూడు విషయాలు రాసుకోవడం అలా అలవాటైంది: వీళ్ళు ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు కొలిచారు, మొదలుపెట్టినవాళ్ళలో చివరికి ఎంతమంది మిగిలారు.

చివరి పని, పెద్ద వయసువాళ్ళ జీవిత చరిత్ర సేకరించడం. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే పది నిమిషాల్లో ముగుస్తుంది, లేదా పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జ్ఞాపకాల్లోనే తిరుగుతుంది. దీనికి మందు క్యాలెండర్ పద్ధతి. కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా నివసించిన ఇల్లు, చదువు, పని, పెళ్ళి, పిల్లలు, జబ్బులు. ముందు ఇళ్ళు నింపాలి. ఏ ఇంట్లో ఉన్నారో తేలితే మిగతావి వాటంతటవే తేదీలతో సహా వస్తాయి. "అప్పుడు ఏమనిపించింది?" అన్న ప్రశ్న చివర్లో వేయాలి, ఆ జవాబును ఇప్పటి మనసు చెప్పేదిగానే రాసుకోవాలి. ఒక విడతకు గంట మించకూడదు. వయసుతో వచ్చే చెవుడు ముందుగా కీచు స్వరాలను, ఆ స్వరాల్లో ఉండే స, ష లాంటి అక్షరాలను మింగేస్తుంది. అరిచి అడిగితే గొంతు పైకి లేచి ఇంకా కీచవుతుంది. ఫ్యాను ఆపి, వెలుతురు మన మొహం మీద పడేలా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి నిదానంగా అడిగితే చాలా ప్రశ్నలు రెండోసారి అడగాల్సిన అవసరమే రాదు.