కాలి కింద పుండు, అవ్వ తెచ్చిన గాయపాకు

షుగర్ ఉన్నవాళ్లకు కాలికి పుండు పడితే, చూడడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక ఆకు పేరు చెప్పి పోతారు. నాకు కుడి బొటనవేలి కింద పడింది. హన్మకొండలో టైలరింగ్ చేస్తాను, పొద్దంతా కాళ్లు మిషన్ పెడల్ మీదే, అక్కడ ఆనెకాయ లేచి దాని కింద లోపల్లోపలే పుండైంది. నొప్పి మాత్రం లేదు. షుగర్ వల్ల అరికాలి నరాలు మొద్దుబారి ఉన్నాయట, గచ్చు మీద నెత్తుటి మరకలు చూసి నా బిడ్డ అరిచేదాకా నాకు తెలియనే లేదు.

విషయం తెలిసి మా అవ్వ నర్సంపేట దిక్కు ఊరి నుంచి గాయపాకు కోసుకొని బస్సెక్కింది. అదే గడ్డిచామంతి, చిన్నప్పుడు బడిలో పలకలు రుద్దేవాళ్లం దానితో. "కొడవలి తెగితే మేం గిదే పెట్టినం బిడ్డా, ఎవలన్న సచ్చిండ్రా?" అంది. నిజమే, మా నాయిన వేలు తెగినప్పుడు పసరు పిండగానే నెత్తురు ఆగడం నేనూ చూశాను. కానీ అది తాజాగా తెగిన గాయం, ఇది చీము పట్టిన షుగర్ పుండు. బీ ఫార్మసీ చదువుతున్న నా బిడ్డ అడ్డం పడింది, "అమ్మమ్మా, ఆకు మంచిదే గానీ దానికి అంటిన మట్టి మంచిది కాదు, ధనుర్వాతం మట్టిలోనే ఉంటది" అని. అవ్వ అలిగి ఆ పూట అన్నం తినలేదు.

హాస్పిటల్లో డాక్టర్ సార్ సన్నని నైలాన్ దారం లాంటిది అరికాలికి ఆనించి తెలుస్తోందా అని అడిగారు, తెలియలేదు. ఎముకకు పాకిందేమో అని ఎక్స్‌రే తీశారు, పాకలేదు. చచ్చిన చర్మం కోసేసి సెలైన్‌తో కడిగి కట్టు కట్టారు, యాంటీబయాటిక్, ఇన్సులిన్ మొదలుపెట్టారు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటే, "ఆ వేలి మీద బరువు పడొద్దమ్మా." పెళ్లిళ్ల సీజన్, బ్లౌజులు గుట్టగా ఉన్నాయి, టెన్షన్ అంతా ఇంతా కాదు.

మంచం మీద పడుకున్నప్పుడే ఆకుల గురించి మా బిడ్డ దగ్గర నేర్చుకున్నాను. గాయపాకులో టానిన్లు, ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు ఉంటాయి, టానిన్లు కణజాలాన్ని బిగించి నెత్తురు ఆగేలా చేస్తాయి, కాబట్టి అవ్వ మాట ఉత్తదేం కాదు. (అన్నట్టు ఈ మొక్క అమెరికా ఖండం నుంచి మన పొలాలకు వచ్చిందట, ఆ సంగతి అవ్వకు ఇంకా చెప్పలేదు.) సరస్వతి ఆకులో ఏషియాటికోసైడ్ అని ఒకటుంది, కొత్త చర్మానికి కావాల్సిన కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పెంచుతుంది. ఇక పసుపు సంగతి అందరికీ తెలిసిందే, గాయం మాన్పడానికి పసుపు వాడడం తమ కొత్త ఆవిష్కరణ అని 1995లో అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీకి పేటెంట్ ఇస్తే, మన దేశ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఈ కథ విని అవ్వ గెలిచినట్టే నవ్వింది.

మరి నా పుండుకు ఎందుకు వద్దన్నారు? ఈ ఆకులు గాయం మాన్పుతాయని చెప్పే పరిశోధనలు చాలావరకు ఎలుకల మీద చేసినవి, ఎలుక చర్మం కింద పలుచని కండ పొర ఒకటి ఉండి గాయం అంచులను దగ్గరికి లాగేస్తుంది. మనకు ఆ పొర లేదు, కాలి పుండు అడుగు నుంచి ఎర్రటి కొత్త మాంసంతో పూడుకుంటూ పైకి రావాలి. పైగా ప్రయోగంలో వాడేది శుభ్రం చేసి కొలిచిన సారం, రోట్లో నూరిన ముద్ద కాదు. పసుపులో అసలు పనిచేసే పదార్థం కర్క్యుమిన్ నూటికి కొద్ది పాళ్లే, అది నీళ్లలో సరిగా కరగదు కూడా. పుండు మీద పసుపు మెత్తితే పైన పెచ్చు కడుతుంది, లోపల చీముందో మాంసం పెరుగుతోందో డాక్టర్‌కు కనబడదు. విడిగా అమ్మే పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు విషం కలిపేవాళ్లూ ఉన్నారు, అందుకే మా ఇంట్లో కూరలోకి కూడా కొమ్ములు కొని మర పట్టిస్తాం.

పుండు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పూడింది. మందులు పనిచేశాయి, కాదనను, కానీ పెడల్ మీద కాలు పెట్టకపోవడమే నన్ను ఎక్కువ కాపాడిందని నా నమ్మకం. పూర్తిగా మూసుకున్నాక సార్‌ను అడిగాను, ఇప్పుడన్నా ఏదైనా రాసుకోవచ్చా అని. "పగలకుండా కొబ్బరినూనె రాసుకో, వేళ్ల సందుల్లో మాత్రం తడి ఉంచొద్దు" అన్నారు. మానిన చోట చర్మం ఎంత బాగున్నా పాత బలంలో 80 శాతం దాకానే వస్తుందట, అందుకని షుగర్ కాళ్ల కోసం చేసే మెత్తటి రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు ఇంట్లో కూడా విప్పను.

ఇప్పుడు మిషన్‌కు మోటారు పెట్టించి ఎడమ కాలితో నొక్కుతున్నాను, కుట్టు ఇంకా వంకర పోతోంది. రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్లూ అద్దంలో చూసుకుంటాను. అవ్వ ఫోన్ చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతుంది, "అద్దంల చూసుకున్నవా?" అని, తర్వాత సరస్వతి ఆకు పచ్చడి చేసుకున్నావా అని.