కరువు కథ చెప్పకుండా పొదుపు నేర్పడం

పిల్లలకు పొదుపు నేర్పాలనుకోగానే మా తరం తల్లిదండ్రులు ఎత్తుకునేది కరువు కథే. "మా చిన్నప్పుడు కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి రాత్రంతా కాచుకునేవాళ్ళం, మీకు అన్నీ ఎక్కువైపోయినాయి" అంటాం. మాది అనంతపురం, కాబట్టి అలాంటి కథలకు కొదవ లేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే పడినట్టు. చేలోనే శెనక్కాయ పంట ఎండిపోవడం, బోరు మీద బోరు వేసి అప్పులపాలు కావడం తెలియని కుటుంబం మా వైపు అరుదు. ఆ సంగతులు పిల్లలకు తెలియాల్సిందే. కానీ కుళాయి కట్టేయమన్న ప్రతిసారీ అదే ఏకరువు పెడితే, మేమిప్పుడు ఉంటున్న మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగిన పిల్లకు తాను సుఖంగా ఉండటమే తప్పేమో అనిపిస్తుంది. కొన్నాళ్ళకు వినడం మానేస్తుంది. అదే ఏదైనా పని చేతికిచ్చి నేర్పితే, మనం పిలవకపోయినా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇది నాకు మా అమ్మ దగ్గర పిల్లల్ని చూశాకే బాగా అర్థమైంది.

ఆస్ట్రేలియాలో బడులకు పెద్ద సెలవులు డిసెంబరు ఆఖరు నుంచి జనవరి చివరిదాకా ఉంటాయి. సంక్రాంతి అందులోనే వస్తుంది కాబట్టి పిల్లల్ని తీసుకుని అనంతపురం వెళ్తాం. అప్పటికి కంది కోతలు అయిపోయి, మా అన్న కళ్యాణదుర్గం వైపు ఉన్న చేను నుంచి ఒక మూట కందులు అమ్మకు తెచ్చి వేస్తాడు. అంగట్లో పాలిష్ పట్టిన కందిబేడలు, అంటే కందిపప్పు, ఎంతయినా దొరుకుతాయి. అమ్మ మాత్రం ఇంటికి సరిపడా తనే చేసుకుంటుంది. రాత్రంతా నానబెట్టిన కందుల్ని పొద్దున వంచి, జల్లెడ పట్టిన ఎర్రమన్ను కలిపి కుప్ప చేసి, గోనెపట్ట కప్పి పెడుతుంది. మర్నాటి నుంచి మిద్దె మీద ఎండబెడుతుంది. మన్ను తేమనంతా పీల్చుకుని పొట్టు వదులవుతుంది. బాగా ఎండాక మన్ను జల్లించేసి, విసుర్రాయిలో విసిరి, చేటతో చెరుగుతుంది.

ఆ చెరగడం దగ్గరే మా అబ్బాయి ఆగిపోయాడు. చేటను ఇలా ఎగరేస్తే పొట్టు ముందుకు పోతుంది, కాస్త పక్కకు తట్టితే నూకలు ఒక మూలకు చేరతాయి, బేడలు మధ్యలో మిగులుతాయి. వాడు ఎగరేస్తే అన్నీ కలిసి నేల మీద పడ్డాయి. అవ్వ ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకుని మణికట్టు ఎక్కడ తిప్పాలో చూపించింది. పొట్టును ఏ చెత్తబుట్టలో వెయ్యాలని వాడు అడిగితే, "చెత్తబుట్ట ఎందుకు నాయనా, దానికీ పనుంటాది" అంది. పొట్టు పక్కింటి ఎనుముకు వెళ్ళింది. నూకలు కోళ్ళకు కొన్ని, ఇంట్లో ఊతప్పం పిండికి కొన్ని. జల్లించిన ఎర్రమన్ను కరివేపాకు చెట్టు మొదట్లో పడింది. సాయంత్రానికి వాడు ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్కటీ చూపించి "దీనికేం పని, అవ్వా?" అని అడగడం మొదలుపెట్టాడు. బియ్యం కడిగిన నీళ్ళకు పనుంది, చింతపండు పిప్పికి పనుంది, తాత పాత పంచెకు పనుంది. కరువు మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇక మెల్‌బోర్న్‌కు తిరిగొచ్చాక ఇందులో ఏం చెయ్యగలం అన్నది వేరే లెక్క. కందిబేడలు ఇంట్లో చేసుకోవడం అక్కడ కుదరదు. దానికి ఎండా కావాలి, మిద్దే కావాలి, పొట్టు తినే ఎనుమూ కావాలి. అన్నీ అలాగే చేస్తామని పట్టుబడితే నెలలోపే విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే పెరుగుతో అని చెప్తాను. మా పేటలో రెండు లీటర్ల పాలు మూడు డాలర్ల చిల్లరకు వస్తాయి. కిలో పెరుగు డబ్బా ఐదారు డాలర్లు. రోజూ పెరుగన్నం తినే ఇంట్లో ఆ తేడా ఊరికే పోదు. పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడికి వచ్చాక చెంచాడు తోడు వేసి కలిపి, గిన్నెను అవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి వదిలేయాలి. మెల్‌బోర్న్ చలికాలంలోనూ తెల్లారేసరికి గడ్డగా తోడుకుంటుంది. మా ఇంట్లో ఈ పని అమ్మాయిది. తోడుకు చెంచాడు తీసి పక్కన పెట్టేదాకా ఎవర్నీ గిన్నె ముట్టుకోనివ్వదు. రేపటి కోసం ఇవాళ కొంచెం ఆపడమన్న మాట నేను చెప్పనక్కర్లేకుండానే దానికి పట్టుబడింది.

రెండోది బట్టలు ఆరేయడం. డ్రైయర్ ఒక్క లోడుకు రెండు మూడు యూనిట్ల పైనే తింటుంది, మా దగ్గర యూనిట్ పావు డాలరు పైన పడుతుంది. అంటే లోడుకు అర డాలరు నుంచి డాలరు దాకా. నలుగురున్న ఇంట్లో వారానికి ఎన్ని లోడ్లు పడతాయో ఎవరికి వారు చూసుకోవచ్చు. బట్టలు బయట ఆరేయడం ఆస్ట్రేలియాలో ఎవరికీ వింత కాదు. గొడుగులా తిరిగే హిల్స్ హాయిస్ట్ దండెం 1945లో అడిలైడ్‌లో పుట్టింది, పాత ఇళ్ళ పెరట్లో ఇప్పటికీ కనిపిస్తుంది. సిగ్గుపడేది మనవాళ్ళే, కొత్త ఇల్లు కొన్నాక దండెం కడితే బాగుండదని. మా ఊర్లో ఎండకు గంటలో ఆరేవి ఇక్కడ పూట పడుతుంది, మధ్యలో వాన కూడా వస్తుంది. మా అబ్బాయి వాతావరణ శాఖ రాడార్ చూసి ఎప్పుడు ఆరేయాలో చెప్తాడు. ఆ పని వాడికి ఆటలో స్కోరు చూసుకున్నంత ఇష్టం.

నీళ్ళ విషయంలో అనంతపురం దాకా వెళ్ళాల్సిన పని లేదు. మెల్‌బోర్న్‌లో ఏడాదికి పడేదీ సుమారు 650 మిల్లీమీటర్లే, కాకపోతే అది ఏడాది పొడవునా తుంపర తుంపరగా పడుతుంది. 1997 నుంచి 2009 దాకా ఆగ్నేయ ఆస్ట్రేలియాను పట్టి పీడించిన కరువును ఇక్కడివాళ్ళు మిలీనియం డ్రాట్ అంటారు. 2008లో విక్టోరియా ప్రభుత్వం మనిషికి రోజుకు 155 లీటర్లు దాటకూడదని 'టార్గెట్ 155' పెట్టింది. షవర్ కింద బకెట్ పెట్టి, వేడి నీళ్ళు వచ్చేదాకా పోయే చల్లటి నీటిని పట్టి మొక్కలకు పోసిన ఇళ్ళు ఎన్నో. ఇప్పుడు మా స్నానాల గదిలోనూ ఒక బకెట్ ఉంది. అవ్వ ఊరి అలవాటుగా కాకుండా తమ ఊరి సంగతిగా తెలిశాకే పిల్లలకు అది సొంతమైంది.

ఒక్కచోట మాత్రం ఇంకా గొడవ తెగలేదు. ఆస్ట్రేలియాలో వాడిన బట్టలు, సామాన్లు అమ్మే ఆప్ షాపులు ఊరూరా ఉంటాయి, ఎక్కువగా సేవా సంస్థలు నడిపిస్తాయి. బడి యూనిఫామ్‌లు కూడా చాలా బడుల్లో పాతవి అమ్ముతారు. మా అమ్మాయికి ఆ షాపులంటే ప్రాణం. అక్కడ కొన్న జీన్స్ జాకెట్ వేసుకుని అనంతపురం వచ్చింది. విషయం తెలిసి మా అమ్మ మొహం చిన్నబోయింది. "ఎవరు తొడిగి ఇడిసినారో ఏమో, మనకేం తక్కువ తల్లీ?" అంది. అన్న చొక్కా తమ్ముడికి, అక్క పావడా చెల్లెలికి వేయడం ఆమెకు మామూలే. ఇంటిగడప దాటి వచ్చిన పాత బట్ట మాత్రం ఒంటి మీద వేసుకోకూడదు. "ఉతికినదే కదా అవ్వా, పారేస్తే ఎవరికి లాభం? దీనికీ పనుంది" అని అమ్మాయి అవ్వ మాటే అవ్వకు అప్పజెప్పింది. నేను మనసులో అమ్మాయి వైపే. మా ఊళ్ళో పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ దగ్గర అమ్మ గంటసేపు బేరమాడుతుంది కదా, ఆ చీరలు ఎక్కడో ఎవరో కట్టుకునేవేగా.

అయితే పండక్కి కొత్త బట్టలు తీయాల్సిందే అన్న అమ్మ మాటను నేను కాదనలేదు. అమ్మాయికి ధర్మవరం పట్టు పావడా కుట్టించింది, ఖర్చు గురించి నోరు మెదపనివ్వలేదు. పొదుపుకూ పిసినారితనానికీ తేడా పిల్లలకు ఇక్కడే తెలియాలి. ఓళిగలు చేసిన రోజు నెయ్యి లెక్క చూసుకోకూడదు. ఇంటికొచ్చిన మనిషికి టీతో సరిపెట్టి పంపకూడదు. అమ్మ రోజూ ఒక గ్లాసు బియ్యం ఎక్కువే పోస్తుంది, మిగిలితే పొద్దున చిత్రాన్నం అవుతుంది. మెల్‌బోర్న్‌లో కొందరు తెలుగువాళ్ళు ఇంటి అప్పు తొందరగా తీర్చాలని పుట్టినరోజులకు, పండగలకు కూడా తలుపులు మూసుకోవడం చూస్తుంటే బాధేస్తుంది. అలా పెరిగిన పిల్లలు చేతికి జీతం రాగానే అన్నీ కొని పడేస్తారేమోనని నా భయం.

మిగిల్చిన డబ్బు ఎటు పోతోందో కూడా పిల్లలకు కనబడాలి. కరెంటు బిల్లులో తగ్గినంతా వేరే ఖాతాలో వేస్తున్నాం, అనంతపురం టిక్కెట్లకు అది కొంత ఆసరా. విక్టోరియాలో 2023 నవంబరు నుంచి ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు, సీసాలు తిరిగిస్తే ఒక్కోదానికి పది సెంట్లు ఇస్తున్నారు, అవి పూర్తిగా పిల్లలవే. వాటిని ఏం చెయ్యాలో నేను చెప్పను. అబ్బాయి క్రికెట్ బ్యాట్ కోసం దాచుకుంటున్నాడు. అమ్మాయి పాత కుట్టుమిషన్ ఒకటి చూసి పెట్టుకుంది. కిందటి సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని బొంత కుట్టడం నేర్చుకుంది. తాత పంచెలు, అమ్మ నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చే కుట్టు. అది సగంలోనే ఆగిపోయింది. మిగిలింది మిషన్ మీద లాగించేద్దామని అమ్మాయి ఆలోచన. మిషన్ కుట్టు బిగుసుకుపోతుంది, చేత్తో కుడితేనే బొంత మెత్తగా ఉంటుందని మా అమ్మ వీడియో కాల్‌లో వాదిస్తోంది.