వ్యోమనౌకకు చిల్లు పడితే ఏం జరుగుతుంది?

సైన్స్ ఫిక్షన్ సినిమాలలో వ్యోమనౌక గోడకు చిల్లు పడగానే జరిగేవన్నీ దాదాపు ప్రతిసారీ ఒకే తీరులో ఉంటాయి. పెద్ద చప్పుడు వస్తుంది, సామాన్లన్నీ ఎగిరిపోతాయి, ఎవరో ఒకరు గోడ అంచు పట్టుకుని వేలాడి చివరికి జారిపోతారు, దర్శకుడికి రక్తం మీద మోజు ఎక్కువైతే బయటపడిన మనిషి ఉబ్బి పేలిపోతాడు. ఈ దృశ్యాలంటే నాకు ఇష్టమే. అయితే అసలు భయం ఎక్కడుందో వీటిలో చాలావాటికి పట్టలేదని నా అభిప్రాయం.

ముందుగా చిల్లు సంగతి. శూన్యంలోకి గాలి ఎంత దూసుకుపోయినా, చిల్లు దగ్గర దాని వేగం ధ్వని వేగాన్ని మించదు. కాబట్టి లోపలి గాలి ఎంతసేపు నిలుస్తుందనేది ముఖ్యంగా గది ఎంత పెద్దది, చిల్లు ఎంత పెద్దది అన్న రెండు విషయాల మీదే ఆధారపడుతుంది. 2018 ఆగస్టు చివరలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అనుసంధానమై ఉన్న సోయుజ్ ఎంఎస్-09 నౌకలో 2 మిల్లీమీటర్ల చిల్లు బయటపడింది. పీడనం కొద్దికొద్దిగా తగ్గుతున్నట్టు భూమి మీది నియంత్రణ కేంద్రం రాత్రివేళ గుర్తించింది. గుర్తించి, వెంటనే వచ్చే ప్రమాదమేమీ లేదని తేల్చుకుని, వ్యోమగాములను నిద్ర లేపకుండా తెల్లవారేదాకా ఆగింది. 900 ఘనపు మీటర్లకు పైగా గాలి ఉన్న కేంద్రంలో అంత సన్నని చిల్లు గుండా సగానికి పైగా గాలి పోవాలంటే, లెక్క వేసి చూస్తే, రెండు వారాలు పడుతుంది. మరునాడు దానికి మొదట టేపు అంటించి, ఆ తర్వాత ఎపాక్సీ జిగురుతో పూడ్చారు. ఈ సంఘటనను ఉన్నదున్నట్టుగా సినిమా తీస్తే నిర్మాత మొదటి వారంలోనే మునుగుతాడు.

ఇక మనుషులు లాగేయబడటం. సముద్రమట్టపు పీడనం ఉన్న గదిలో గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువంత బలంతో బయటికి నెడుతుంది. అందువల్ల వేలు పట్టే చిల్లును అరచేత్తో మూయవచ్చు. చర్మం కందుతుంది, అంతకు మించి జరిగేది తక్కువ. అదే లెక్క ఒక చదరపు మీటరు తలుపుకు వేస్తే పది టన్నులు అవుతుంది. కాబట్టి తలుపు మొత్తం ఊడిపోయినప్పుడు మనిషి ఎగిరిపడటం నమ్మదగినదే కానీ, చిన్న రంధ్రంలోంచి మనిషిని నలిపి బయటికి లాగేయడం మాత్రం కట్టుకథ. పీడనం ఒక్కసారిగా పడిపోయినప్పుడు గాలి చల్లబడి, గోలీ సోడా కొట్టగానే సీసా మూతి దగ్గర కనిపించే పొగలాంటి తెల్లటి మంచు గదంతా కమ్ముకుంటుంది. చూపించడానికి ఇంత చక్కని విషయం ఉండగా, దీన్ని వాడుకున్న దర్శకులు నాకు పెద్దగా తారసపడలేదు.

శరీరం పేలదు. చర్మానికి ఆ మాత్రం బిగువు ఉంది. ఒళ్ళు బాగా వాస్తుంది, నోట్లోని తడి మరుగుతుంది, అంతే. 1966 డిసెంబరులో హ్యూస్టన్‌లోని నాసా శూన్య గదిలో స్పేస్ సూట్‌ను పరీక్షిస్తున్న జిమ్ లెబ్లాంక్‌కు గాలి గొట్టం ఊడిపోయింది. నాలుక మీద ఉమ్మి బుడబుడలాడటం ఆయనకు గుర్తున్న చివరి విషయం. సుమారు 14 సెకన్లలో స్పృహ తప్పింది, గదిలోకి గాలి వదలగానే తేరుకున్నాడు. ఆ వ్యవధి అంత తక్కువ కావడానికి కారణం ఊపిరితిత్తులే. బయట శూన్యం ఉన్నప్పుడు అవి రక్తానికి ఆక్సిజన్ ఇవ్వకపోగా, రక్తంలో ఉన్నదాన్ని కూడా బయటికి వదిలేస్తాయి; అలా ఖాళీ అయిన రక్తం మెదడుకు చేరేంతవరకే స్పృహ. ఊపిరి బిగపడితే ఇంకా ప్రమాదం, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులనే చీల్చేస్తుంది. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో హెల్మెట్ లేకుండా, నౌకలోకి వచ్చిపోయే గది అయిన ఎయిర్‌లాక్‌లోకి దూకే బోమన్ సరిగ్గా ఆ తప్పే చేస్తున్నట్టు కనిపిస్తాడు. అయినా ఆ దృశ్యంలోని నిశ్శబ్దమూ, ఆ కొద్ది సెకన్ల తొందరా 1968 నాటికే నిజానికి ఎంతో దగ్గరగా ఉన్నాయి.

అయితే ఈ విషయంలో అన్నిటికన్నా నన్ను కలచివేసింది సోవియట్ నౌక సోయుజ్ 11లో వెళ్ళిన ముగ్గురు వ్యోమగాముల కథ. ప్రపంచంలో మొట్టమొదటి అంతరిక్ష కేంద్రమైన సల్యూత్-1లో మూడు వారాలకు పైగా గడిపిన దొబ్రొవోల్‌స్కీ, వోల్కొవ్, పత్సాయెవ్ 1971 జూన్ 29న భూమికి తిరిగి బయలుదేరారు. నౌక భాగాలను విడదీసే పేలుడు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి పేలవలసింది పోయి ఒకేసారి పేలాయి. భూమికి దగ్గరగా వచ్చాక బయటి గాలిని లోపలికి తెచ్చేందుకు అమర్చిన ఒక చిన్న వాల్వు, ఆ కుదుపుకు 168 కిలోమీటర్ల ఎత్తులోనే తెరుచుకుంది. దాన్ని చేత్తో తిప్పి మూసే ఏర్పాటు ఉంది. కానీ ముందు అది ఎక్కడుందో కనిపెట్టాలి, తర్వాత తిప్పడానికే దాదాపు నిమిషం కావాలి, మనిషికి మిగిలే స్పృహ అందులో నాలుగో వంతుకు కాస్త అటూఇటూ. ముగ్గురూ సూట్లు వేసుకుంటే ఆ గదిలో పట్టరని ఎవరికీ సూట్లు ఇవ్వలేదు. పారాచూట్లు, లాండింగ్ రాకెట్లు మామూలుగానే పనిచేసి నౌక కజకిస్తాన్‌లో క్షేమంగా దిగింది. తలుపు తీసినవాళ్ళకు ముగ్గురూ తమ తమ సీట్లలోనే విగతజీవులై కనిపించారు. నేటికీ అంతరిక్షంలో ఉండగా ప్రాణాలు పోయిన మనుషులు ఈ ముగ్గురే.

ఆ తర్వాత సోవియట్ ఇంజనీర్లు మూడో సీటు తీసేసి, ఉన్న ఇద్దరికీ సోకోల్ అనే పీడన సూట్లు తొడిగి, 1973లో సోయుజ్ 12ను పంపారు. సూట్లు వేసుకున్న ముగ్గురికి చోటు దొరికింది 1980లో, కొత్త సోయుజ్ టి నౌకలు వచ్చాకే. 1984 ఏప్రిల్‌లో సోయుజ్ టి-11లో ఇద్దరు సోవియట్ వ్యోమగాములతో పాటు మూడో మనిషిగా కూర్చున్న రాకేశ్ శర్మ వేసుకున్నది కూడా సోకోల్ సూటే.