వానలో నిలిచే బాట

అడవిలో మౌంటెన్ బైక్‌లకు, అంటే కొండదారుల్లో తొక్కే సైకిళ్లకు, బాట వేసే పనిలో చేరిన కొత్తలో మేం తవ్విన మొదటి ముక్క ఒక్క పెద్ద వానకే పోయింది. దగ్గరి దారి కదా అని కొండ మీంచి నిట్టనిలువునా దించేశాం. వాన వెలిశాక వెళ్తే బాట మధ్యలో మోకాలి లోతు గాడి, పక్కన వేళ్లు బయటపడ్డ చెట్లు. ఆ వేళ్లను చూసి చాలా బాధపడ్డాను.

అప్పటి నుంచి పార పట్టేముందు వాలు కొలుస్తున్నాను. బాట వాలు ఆ కొండ వాలులో సగానికి మించకూడదు. మొత్తం మీద సగటున 10 శాతం లోపు, అంటే వంద అడుగుల దూరానికి పది అడుగుల దిగుడు లోపు ఉంటే మంచిది. కొండకు అడ్డంగా చెక్కుకుంటూ పోయి, బయటి అంచును 5 శాతం దాకా కిందికి వంచితే నీరు బాట వెంట పరుగెత్తకుండా పల్చగా అడ్డం దాటిపోతుంది. మధ్యమధ్యలో బాటను కాస్త దింపి మళ్లీ ఎక్కించాలి. ఆ పల్లం దగ్గర నీళ్లు పక్కకు తప్పుకుంటాయి, బైక్ మీద వచ్చేవాళ్లకేమో అదే సరదా.

ఇలాంటి బాటలతో ఊళ్లు బాగుపడతాయా అని అడిగేవాళ్లకు నేను ఆస్ట్రేలియాలో టాస్మానియా దీవిలోని డెర్బీ గురించి చెబుతాను. తగరం గనుల మీద బతికిన చిన్న ఊరు అది. 1929లో గనికి నీళ్లిచ్చే ఆనకట్ట తెగి 14 మంది చనిపోయారు. తర్వాత గనులూ మూతపడ్డాయి, జనం తగ్గిపోయారు. 2015లో చుట్టూ ఉన్న అడవిలో సైకిల్ బాటలు తెరిచాక ఖాళీ ఇళ్లు బసలయ్యాయి. రెండేళ్లకే అక్కడ ప్రపంచ స్థాయి ఎండ్యూరో పోటీ (దిగుడు బాటలను గడియారం పెట్టి తొక్కే సైకిల్ పందెం) జరిగింది.

అయితే రెండు గంటల్లో అయిపోయే ఒక్క బాట వేస్తే, వచ్చినవాళ్లు కారు దిగి, తొక్కి, మళ్లీ కారెక్కి పోతారు. ఊరికి మిగిలేది దుమ్మే. వాళ్లు రాత్రికి ఉండాలి. అందుకే పిల్లలు తొక్కగలిగే తేలిక బాటలు ముందు వేయాలంటాను. కుటుంబంతో వచ్చినవాళ్లు ఒక రోజుతో తిరిగి వెళ్లరు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేది మరమ్మతుల సంగతి. తవ్వడానికి డబ్బు ఎలాగోలా వస్తుంది, ఏటా బాగుచేయడానికి ఎవరూ రూపాయి పక్కన పెట్టరు. ఆ పని ఆ ఊరి కుర్రాళ్లకే జీతానికి ఇవ్వాలి. ఏ మలుపు దగ్గర మట్టి జారుతుందో రోజూ ఆ దారిన తిరిగేవాళ్లకే ముందు తెలుస్తుంది.

కొట్టుకుపోయిన ఆ ముక్కను పూర్తిగా వదిలేసి, కొండ చుట్టూ తిప్పి కొత్తగా వేశాం. మొన్న వాన పడుతుండగానే వెళ్లి చూశాను. బాట మీద నీళ్లు ఆగలేదు. నీళ్లు మోసుకొచ్చిన ఎండుటాకులు మాత్రం కింది అంచు పొడవునా బారుగా పేరుకుని ఉన్నాయి.